తొమ్మిదో తరగతికి విమానం ఎక్కే పిల్లలు

 ఈ వారం ఒక మాటతో మొదలుపెడతాను. "రెసిడెన్షియల్ స్కూలు" అనగానే మన తెలుగువాళ్ళకి ఏం గుర్తొస్తుంది? గౌరవం గుర్తొస్తుంది. 1971లో పి.వి. నరసింహారావు గారి చొరవతో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. ఆ మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండలో మరొకటి వచ్చింది. "మావాడికి రెసిడెన్షియల్లో సీటొచ్చింది" అని ఊరంతా చెప్పుకున్న తల్లిదండ్రులు ఎందరో. అక్కడ చదివి డాక్టర్లు, ఇంజనీర్లు, కలెక్టర్లు అయినవాళ్ళు మన మధ్యా ఉన్నారు.

ఇదే మాటని ఇక్కడ కెనడాలో ఒక ఆదివాసి పెద్దావిడ ముందు అని చూడండి. ఆవిడ ముఖం మారిపోతుంది. మాట ఒకటే, దాని వెనక చరిత్ర మాత్రం వేరు. ఈ తేడా తెలియకపోతే మనం ఉంటున్న ఈ ఒంటారియో రాష్ట్రపు ఉత్తర భాగంలో ఎన్నో ఏళ్ళుగా నలుగుతున్న ఒక ప్రశ్న మనకి అర్థం కాదు. దూరపు ఆదివాసి గ్రామాల నుంచి హైస్కూలు చదువుకి పట్నం వచ్చే పిల్లలు ఎక్కడ ఉండాలి? వాళ్ళకి హాస్టలు కట్టాలా, వద్దా? కడితే ఎవరు నడపాలి?

"హాస్టలు కట్టడానికి ఇంత చర్చ ఎందుకండీ, కట్టేస్తే పోలా!" అని మనకి అనిపించడం సహజం. చర్చ ఎందుకో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు భూగోళం చూద్దాం. మనలో చాలామందికి ఒంటారియో అంటే టొరంటో, మిస్సిసాగా, బ్రాంప్టన్, ఒట్టావా. మహా అయితే సడ్‌బరీ. కానీ మ్యాప్ తెరిచి చూస్తే రాష్ట్రంలో సుమారు మూడింట రెండు వంతుల భూభాగం నిష్నాబే ఆస్కి నేషన్ అనే ఆదివాసి సంస్థ పరిధిలోకి వస్తుంది. అందులో సుమారు యాభై ఫస్ట్ నేషన్స్ ఉన్నాయి. ఓజిబ్వే, ఓజి-క్రీ, క్రీ భాషలు మాట్లాడే జనం. వీటిలో చాలా ఊళ్ళకి ఏడాది పొడుగునా నడిచే రోడ్డు లేదు. విమానంలో వెళ్ళాలి. లేదా చలికాలంలో సరస్సులు, చిత్తడి నేలలు గడ్డకట్టాక కొన్ని వారాలపాటు వేసే మంచు రోడ్డు మీద వెళ్ళాలి. వెబెక్వే అనే ఊరు థండర్ బే పట్నానికి ఉత్తరంగా 500 కిలోమీటర్లకి పైనే ఉంది.

ఇలాంటి ఊళ్ళలో చాలాచోట్ల బడి ఎనిమిదో తరగతితోనో, మరొకటి రెండు తరగతులతోనో ఆగిపోతుంది. ఆ పైన చదవాలంటే పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు ఊరు విడిచి విమానం ఎక్కి థండర్ బేకో, సూ లుకౌట్‌కో వెళ్ళాలి. మూడు నాలుగు వందల మంది ఉండే ఊళ్ళో, అందరూ బంధువులే అయిన చోట పెరిగిన పిల్ల ఒక్కసారిగా లక్ష జనాభా ఉన్న పట్నంలో దిగుతుంది. అక్కడ ట్రాఫిక్ లైటు కొత్త, సిటీ బస్సు కొత్త, ఇంగ్లీషులోనే సాగే వీధి కొత్త.

ఈ పరిస్థితి ఎలా వచ్చింది? కొంచెం వెనక్కి వెళ్దాం.

1905, 1906 సంవత్సరాలలో ప్రభుత్వ ప్రతినిధులు పడవల్లో ఉత్తరాది నదుల వెంట వెళ్ళి తొమ్మిదో నంబరు ఒప్పందం మీద సంతకాలు తీసుకున్నారు. మరింత ఉత్తరాన ఉన్న ఊళ్ళని 1929, 1930లలో కలిపారు. భూమి మీద హక్కులు వదులుకున్నందుకు బదులుగా ప్రభుత్వం ఇస్తామన్న వాటిలో చదువు ఒకటి. టీచర్ల జీతాలు, బడి భవనాలు, సామగ్రి ప్రభుత్వమే ఇస్తుందని రాశారు. అయితే "ప్రభుత్వానికి తగినదని తోచిన మేరకు" అన్న అర్థం వచ్చే మాట కూడా అందులో చేర్చారు. ఆ చిన్న మాటలోనే మొత్తం కథ ఉంది.

ఆ ఒప్పందానికి వెళ్ళిన ముగ్గురు కమిషనర్లలో ఒకరు డంకన్ క్యాంప్‌బెల్ స్కాట్. తరవాత ఆయనే ఇండియన్ వ్యవహారాల శాఖలో అత్యున్నత అధికారి అయ్యాడు. 1920లో చట్టం సవరించి ఆదివాసి పిల్లల్ని బడికి పంపడం తప్పనిసరి చేశాడు. ఆ బడుల్లో రెసిడెన్షియల్ స్కూళ్ళూ ఉన్నాయి. ప్రభుత్వం డబ్బిచ్చేది, చర్చిలు నడిపేవి. 1880ల నుంచి 1990ల దాకా దేశవ్యాప్తంగా సుమారు 1,50,000 మంది పిల్లలు వాటిలో పెరిగారు. సొంత భాష మాట్లాడితే దెబ్బలు. జుట్టు కత్తిరించడం, అన్నాచెల్లెళ్ళని విడదీయడం మామూలు. క్షయ, ఆకలి, ఎన్నో చోట్ల లైంగిక అత్యాచారాలు. అక్కడ చనిపోయినట్టు నమోదైన పిల్లలే నాలుగు వేలకి పైన ఉన్నారు. 2008 జూన్ 11న ప్రధాని స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. 2015లో సత్య శోధన, సయోధ్య కమిషన్ 94 సిఫారసులతో తన పని ముగించింది.

ఇక్కడ మనం సాధారణంగా గమనించని సంగతి ఒకటుంది. 1950లు, 60లు వచ్చేసరికి ఈ రెసిడెన్షియల్ స్కూళ్ళలో చాలావరకు నిజానికి హాస్టళ్ళుగా మారిపోయాయి. పిల్లలు అక్కడ తిని పడుకునేవారు, చదువుకి మాత్రం బస్సెక్కి పట్నంలోని మామూలు బడికి వెళ్ళేవారు. అంటే ఇవాళ మనం మాట్లాడుకుంటున్న "విద్యార్థి వసతి గృహం" అప్పుడే ఉంది.

కెనోరా పట్నంలోని సిసీలియా జెఫ్రీ అలాంటిదే. చానీ వెన్‌జాక్ అనే పన్నెండేళ్ళ ఓజిబ్వే అబ్బాయి అక్కడ ఉంటూ పట్నంలోని బడికి వెళ్ళేవాడు. 1966 అక్టోబరులో ఇంటికి పోదామని పారిపోయాడు. అతని ఊరు ఓగోకి పోస్ట్. మార్టెన్ ఫాల్స్ ప్రజల ఊరు, 1905లో ఒప్పందం మీద సంతకం పెట్టిన ఊళ్ళలో ఒకటి. దూరం సుమారు 600 కిలోమీటర్లు. ఎంత దూరమో ఆ పిల్లవాడికి తెలియదు. పల్చటి కోటు, ఒక గాజుసీసాలో కొన్ని అగ్గిపుల్లలు, రైలు పట్టాల వెంట నడక. వారం తరవాత పట్టాల పక్కన చలికి చనిపోయి కనిపించాడు.

దాని మీద మరణ విచారణ జరిగింది. జ్యూరీలో కూర్చున్నవాళ్ళు పట్నంలోని సామాన్యులు. ఈ చదువు పద్ధతి పిల్లల మనసుల్ని బాగా దెబ్బతీస్తోందనీ, దీన్ని పరిశీలించాలనీ వాళ్ళు చెప్పి, ఇది సరైనదేనా అని ప్రభుత్వాన్నే అడిగారు. 1967 ఫిబ్రవరిలో మెక్లీన్స్ పత్రికలో ఇయన్ ఆడమ్స్ ఈ కథ రాయడంతో దేశానికి తెలిసింది. తెలిసింది గానీ జవాబు మాత్రం రాలేదు.

1972లో దేశంలోని ఆదివాసి నాయకులు "మా చదువు మా చేతుల్లో" అనే అర్థం వచ్చే విధాన పత్రం తయారుచేశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం దాన్ని సూత్రప్రాయంగా ఒప్పుకుంది. క్రమంగా రెసిడెన్షియల్ స్కూళ్ళు మూతపడ్డాయి. మంచిదే. మరి వాటి స్థానంలో ఊళ్ళలో హైస్కూళ్ళు రావాలి కదా? చాలా ఊళ్ళకి రాలేదు. పైగా 1996 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళపాటు ఆదివాసి కార్యక్రమాలకి ఇచ్చే నిధులు ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదని పరిమితి పెట్టారు. ఆ కాలంలో జనాభా, ధరలు అంతకన్నా వేగంగా పెరిగాయి. ఈ లెక్క అర్థం కావడానికి మనకి అకౌంటెంటు అవసరం లేదు.

హాస్టళ్ళు పోయాయి, ఊళ్ళో బడి రాలేదు, పిల్లలు పట్నం రావడం ఆగలేదు. మరి ఎక్కడ ఉన్నారు? బోర్డింగ్ ఇళ్ళలో. అంటే నెలకి కొంత సొమ్ము తీసుకుని ఒకరిద్దరు పిల్లల్ని తమ ఇంట్లో పెట్టుకునే కుటుంబాల దగ్గర. వీటిలో మంచి ఇళ్ళున్నాయి, కన్నబిడ్డల్లా చూసుకున్నవాళ్ళున్నారు. భోజనం పెట్టి గది చూపించి ఊరుకున్నవాళ్ళూ ఉన్నారు. సాయంత్రం బడి అయ్యాక పిల్లలు కలుసుకోవాలంటే షాపింగ్ మాల్, బస్ స్టాండ్, నది ఒడ్డు.

2000లో థండర్ బేలో డెనిస్ ఫ్రాంక్లిన్ క్రొమార్టీ హైస్కూలు మొదలైంది. ఆదివాసులే నడిపే బడి. పేరు ఒక ఆదివాసి నాయకుడిది. టీచర్లు ప్రాణం పెట్టి పనిచేశారు. కర్ఫ్యూ వేళకి ఇల్లు చేరని పిల్లల కోసం రాత్రిళ్ళు వ్యానుల్లో తిరిగి వెతికేవారు. అయినా ఆ ఏడాదే నవంబరులో పదిహేనేళ్ళ విద్యార్థి ఒకడు నదిలో శవమై తేలాడు. 2011 నాటికి అలా పోయినవాళ్ళు ఏడుగురు. వయసు పదిహేను నుంచి ఇరవై ఒకటి. ఊళ్ళు కసబోనికా లేక్, పికాంజికమ్, మిష్కీగోగమాంగ్, కీవేవిన్, పాప్లర్ హిల్, వెబెక్వే. కీవేవిన్ నుంచి ఇద్దరు. ఏడుగురిలో ఆరుగురు ఈ బడి పిల్లలు, ఒకడు మటావా వాళ్ళు నడిపే విద్యాకేంద్రంలో చదివేవాడు. అయిదుగురు నదుల్లో దొరికారు, ఇద్దరు ఉంటున్న ఇళ్ళలోనే కన్నుమూశారు.

మరణ విచారణ 2015 అక్టోబరులో మొదలై 2016 జూన్ 28న ముగిసింది. నలుగురి మరణానికి కారణం తేల్చలేమని, ముగ్గురివి ప్రమాదాలని జ్యూరీ చెప్పింది. 145 సిఫారసులు చేసింది. 1966కి, 2016కి మధ్య సరిగ్గా యాభై ఏళ్ళు. మళ్ళీ అదే ఉత్తర ఒంటారియో, మళ్ళీ చదువుకోసం ఇల్లు విడిచిన పిల్లలు, మళ్ళీ ఒక జ్యూరీ. పత్రికా రచయిత్రి తాన్యా తలాగా 2017లో ఈ ఏడుగురి గురించి రాసిన "సెవెన్ ఫాలెన్ ఫెదర్స్" పుస్తకం మన ఊరి లైబ్రరీల్లో దొరుకుతుంది. వీలైతే చదవండి.

పుస్తకం వచ్చిన ఏడాదే, 2017 మే నెలలో, మరో ఇద్దరు ఆదివాసి పిల్లలు అదే పట్నపు నీళ్ళలో చనిపోయారు. 2018 డిసెంబరులో పోలీసుల మీద ఫిర్యాదులు చూసే రాష్ట్ర కార్యాలయం ఒక నివేదిక ఇచ్చింది. థండర్ బే పోలీసు వ్యవస్థలో జాతివివక్ష లోతుగా పాతుకుందనీ, తొమ్మిది మరణాల మీద మళ్ళీ దర్యాప్తు జరగాలనీ తేల్చింది.

ఇప్పుడు హాస్టలు ప్రశ్నకి వద్దాం. దీని మీద ఆదివాసి కుటుంబాల్లోనే రెండు మాటలు వినిపిస్తాయి, రెండింటిలోనూ న్యాయం ఉంది. ఒకటి: పిల్లలు తలొక ఇంట్లో చెదిరి ఉండటం వల్లే ఒంటరివాళ్ళవుతున్నారు, అందరూ ఒకచోట ఉంటే ఒకరికొకరు తోడు, పెద్దల కళ్ళ ముందు ఉంటారు. రెండు: మా అమ్మమ్మని తీసుకెళ్ళి పెట్టింది కూడా ఇలాంటి భవనంలోనే కదా, మళ్ళీ మా పిల్లల్ని ఒక కప్పు కింద చేర్చమంటారా?

దీనికి చరిత్ర ఏమైనా జవాబు చెబుతుందా? నా ఉద్దేశంలో చెబుతుంది. మూడు ఉదాహరణలు తీసుకుందాం.

మొదటిది కెనడా ఆర్కిటిక్. అక్కడ 1950ల చివర్లో పెద్ద హాస్టళ్ళు కట్టారు. ఇనువిక్‌లోని గ్రోలియర్ హాల్‌లో పనిచేసిన పలువురు సూపర్‌వైజర్లకి పిల్లల మీద అత్యాచారాలకి తరవాతి కాలంలో కోర్టులో శిక్షలు పడ్డాయి. అదే కాలంలో, 1964 నుంచి 1973 దాకా, మానిటోబాలోని చర్చిల్‌లో ఇనుయిట్ పిల్లల కోసం ఒక వృత్తి విద్యా కేంద్రం నడిచింది. దాని గురించి పూర్వ విద్యార్థులు ఎక్కువగా మంచే చెప్పారని సయోధ్య కమిషనే రాసింది. తరవాతి తరం ఇనుయిట్ నాయకులు కొందరు అక్కడినుంచే వచ్చారు. రెండూ హాస్టళ్ళే. తేడా గోడల్లో లేదు. లోపల ఉన్న పెద్దలెవరు, వాళ్ళ మీద కన్ను వేసి ఉంచేదెవరు అన్నదాంట్లో ఉంది.

రెండోది అలాస్కా. అక్కడ కూడా ఊళ్ళో హైస్కూలు లేక పిల్లల్ని సిట్కాలోని మౌంట్ ఎజ్‌కమ్‌కీ, ఇంకా దూరంగా ఆరెగన్, ఓక్లహోమా రాష్ట్రాలకీ పంపేవారు. 1972లో ఎమోనాక్ ఊరి యూపిక్ విద్యార్థిని మోలీ హూచ్ పేరున దావా పడింది. 1976లో రాష్ట్రం రాజీకి వచ్చి, కోరుకున్న ఊళ్ళలో హైస్కూలు పెడతామని ఒప్పుకుంది. 126 ఊళ్ళకి ఆ హక్కు వచ్చింది. వందకి పైగా బడులు కట్టారు. అంతకన్నా ఆసక్తికరమైన విషయం తరవాతిది. ఊళ్ళలో బడులు వచ్చాక మౌంట్ ఎజ్‌కమ్ 1983లో మూతపడింది. రెండేళ్ళు తిరక్కుండానే, 1985లో, రాష్ట్రమే దాన్ని మళ్ళీ తెరిచింది. ఎందుకంటే అది కావాలని అడిగినవాళ్ళున్నారు. ఇప్పుడు అక్కడికి దరఖాస్తు పెట్టుకుని వెళ్తారు. సైన్సు, పెద్ద లైబ్రరీ, ఇతర ఊళ్ళ స్నేహితులు కావాలనుకున్న పిల్లలు వెళ్తారు, ఇంటి దగ్గర ఉండాలనుకున్నవాళ్ళు ఊళ్ళో చదువుకుంటారు. అదే ద్వీపం, అదే బడి పేరు. ఒకప్పుడు గత్యంతరం లేక వెళ్ళారు, ఇప్పుడు ఇష్టపడి వెళ్తున్నారు.

అలాగని ఊరి బడితో అన్నీ తీరిపోతాయని కాదు. పదిమంది పిల్లలున్న హైస్కూలుకి ఫిజిక్సు టీచరు దొరకడు, దొరికినా ఏడాదికే వెళ్ళిపోతాడు. పిల్లలు పది కన్నా తగ్గితే అలాస్కాలో బడికి నిధులే ఆగిపోతాయి.

మూడోది మన ఒంటారియోలోదే. 2000లోనే, అంటే థండర్ బేలో ఆ హైస్కూలు మొదలైన ఏడాదే, కీవేటినూక్ ఒకిమాకనాక్ అనే ఆదివాసి మండలి ఇంటర్నెట్ హైస్కూలు మొదలుపెట్టింది. ఊళ్ళో ఒక గది, అందులో కంప్యూటర్లు, పక్కనే ఒక టీచరు. మిగతా పాఠాలు చెప్పే టీచర్లు వేరే ఊళ్ళలో ఉంటారు. పిల్లలు రాత్రికి సొంత ఇంట్లో పడుకుంటారు. మన ఇళ్ళల్లో ఇంటర్నెట్ ఇంకా టెలిఫోన్ లైను మీద గుర్‌గుర్‌మంటూ వచ్చే రోజుల్లో, రోడ్డు లేని ఊళ్ళు ఈ పని చేశాయంటే ఆలోచించండి.

కాబట్టి హాస్టలు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి విడిగా జవాబు లేదు. ఊళ్ళో బడి ఉండి, అది కాదనుకుని వెళ్ళే చోటు అయితే హాస్టలు ఒక అవకాశం. ఊళ్ళో బడి లేక వెళ్ళక తప్పని చోటు అయితే, ఎంత అందంగా కట్టినా అది పాత పద్ధతికి కొత్త సున్నమే. 2016 జ్యూరీ సిఫారసుల్లో థండర్ బేలో విద్యార్థుల వసతి గృహం గురించీ ఉంది, ఊళ్ళలోని బడులు, ఇళ్ళు, మంచినీళ్ళ గురించీ ఉంది. ఆ రెండింటినీ కలిపే చదవాలి. ఒకటి చేసి రెండోది మరిచిపోవడం ప్రభుత్వాలకి సులువు. భవనమైతే రిబ్బను కత్తిరించి ఫోటో తీయించుకోవచ్చు. దూరపు ఊళ్ళో కెమిస్ట్రీ టీచరుని అయిదేళ్ళు నిలబెట్టడానికి ఫోటో ఉండదు.

కొంత పని జరిగింది, అదీ చెప్పాలి. మటావా మండలి థండర్ బేలో పాత వృద్ధాశ్రమ భవనాన్ని తీసుకుని తమ పిల్లల కోసం విద్యాకేంద్రంగా మార్చుకుంది. సూ లుకౌట్ దగ్గర పెలికన్ ఫాల్స్ హైస్కూల్లో పిల్లలు బడి ఆవరణలోనే ఇళ్ళలో ఉంటారు. ఆ స్థలంలోనే ఒకప్పుడు పెలికన్ లేక్ రెసిడెన్షియల్ స్కూలు ఉండేది. ఇప్పుడు నడిపేది ఆదివాసి విద్యామండలి. 2019లో థండర్ బే హైస్కూలు వాళ్ళు "వేక్ ద జయంట్" అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఆదివాసి పిల్లలకి ఇక్కడ స్వాగతం అని పట్నంలోని దుకాణాలు తలుపు మీద స్టిక్కరు అంటించుకోవడం అందులో భాగం. దుకాణంలోకి అడుగుపెట్టగానే దొంగలా చూసే చూపుకి అలవాటుపడ్డ పిల్లలకి ఆ స్టిక్కరు విలువ తెలుసు. మనలోనూ కొందరికి తెలుసు.

రేపటి వసతి గృహం ఎలా ఉండాలని అడిగితే నాకు తోచినవి చెబుతాను. బారకాసులా వరస మంచాలు కాకుండా, పది పన్నెండు మంది ఉండే చిన్న ఇళ్ళు. వాళ్ళ భాష మాట్లాడే అవ్వ, తాత అక్కడే ఉండాలి. దుప్పి మాంసం వండుకోవడానికి వంటగది ఉండాలి. వసంతంలో బాతుల వేటకి ఊరు వెళ్ళడానికి సెలవు, విమానం టికెట్టు ఉండాలి. అమ్మానాన్నలు చూడటానికి వస్తే పడుకోవడానికి ఒక గది ఉండాలి. ఏ పిల్లయినా "నేను ఇంటికెళ్ళిపోతాను" అంటే, ఇంటి దగ్గర చదువు కొనసాగే దారి ఉండాలి. చానీ వెన్‌జాక్‌కి లేనిది ఈ చివరిదే.

ఇదంతా మనకెందుకు అని అడిగేవారికి ఒక్క మాట. థండర్ బేలోని లేక్‌హెడ్ యూనివర్సిటీకి, కాన్ఫెడరేషన్ కాలేజీకి మన దేశం నుంచి చాలామంది విద్యార్థులు వస్తున్నారు. వాళ్ళు దిగితే ఎవరి ఇంట్లో ఉండాలి, చలికోటు ఎక్కడ కొనాలి, రాత్రి ఎటు వెళ్ళకూడదు అని మనవాళ్ళు ఫోన్లు చేసి కనుక్కుంటారు. వాళ్ళు ఇరవై దాటినవాళ్ళు, ఇష్టపడి వచ్చినవాళ్ళు. అదే పట్నంలో, అదే బస్సులో, పక్క సీట్లో పద్నాలుగేళ్ళ పిల్ల కూర్చుని ఉంటుంది. ఈ దేశం తనదే అయినా, ఇక్కడ మనకన్నా ఒంటరిగా.

సెప్టెంబరు 30న బడిలో నారింజ రంగు చొక్కా వేసుకోవాలని మీ పిల్లలు అడుగుతారు. 2013లో మొదలైన ఆనవాయితీ అది, 2021 నుంచి జాతీయ దినం కూడా. చొక్కా కొనిపెట్టి ఊరుకోకండి. మన రెసిడెన్షియల్ స్కూళ్ళ కథ, వీళ్ళ రెసిడెన్షియల్ స్కూళ్ళ కథ రెండూ చెప్పండి. తేడా ఎక్కడుందో పిల్లలే పట్టుకుంటారు.